ఫిలిప్ పొట్టలో పైరసీ

ప్రతి సోమవారం పొద్దున ఫిలిప్ లిఫ్టులో ఎవరికీ తగలకుండా ఓ మూల నిలబడతాడు. బ్యాగులో లాప్‌టాప్ పక్కన మూత బిగించిన చిన్న డబ్బా ఉంటుంది. అందులో ఏముందో చెప్పుకునేది కాదు. ఆ ఉదయం కాలకృత్యాల్లో కొంచెం.

ఇదంతా ఒక టీషర్టు వల్ల వచ్చింది. మాదాపూర్‌లో అతని ఆఫీసున్న బిల్డింగులోనే, రెండో అంతస్తులో ఒక పరిశోధన ల్యాబ్ ఉంది. ఐటీ వాళ్ల పేగుల్లో ఎలాంటి బ్యాక్టీరియా ఉందో చూస్తాం, నమూనా ఇస్తే టీషర్టు ఇస్తాం అన్నారు. టీమంతా ఇచ్చింది. పిలుపు మాత్రం ఫిలిప్ ఒక్కడికే వచ్చింది.

"అందరి బ్యాక్టీరియానూ అరవై డిగ్రీల వేడిల పెట్టినం" అంది అక్కడి శాస్త్రవేత్త స్టెల్లా. "అన్నీ చచ్చినయ్. మీవి చావలే."

"నేనేం చేశానండీ?"

"మీరేం చేయలే. వేడికి తట్టుకునే జన్యువులు వాటికి పుట్టుకతోని రాలే. గా జన్యువులున్న ముక్క ఒక బ్యాక్టీరియాలకెళ్లి ఇంకోదాంట్లకు పోతది. పెన్‌డ్రైవ్ పెట్టి కాపీ కొట్టినట్టు."

"అంటే నా పొట్టలో పైరసీ నడుస్తోందన్నమాట."

స్టెల్లా పగలబడి నవ్వింది. అతనికి వచ్చిన రోగమేమీ లేదట. కానీ ఆ ముక్క ఏ రోగకారక బ్యాక్టీరియాలోకో దూకితే, అది సగం ఉడికిన కబాబులో కూడా నిక్షేపంగా బతికేస్తుందట. అందుకని కొన్నాళ్లు ప్రతి సోమవారం డబ్బా తెచ్చివ్వమంది.

డబ్బా ఇచ్చి పారిపోదామంటే కుదిరేది కాదు. కూర్చోబెట్టి ప్రశ్నలడిగేది.

"వంట ఎవరు చేస్తరు?"

"నేనేనండీ. నిజాంపేటలో ఒక్కణ్నే ఉంటా."

"గిన్నెలు?"

"అవీ నేనే."

"కోపమొస్తే తిండి మానేస్తరా?"

"దానికీ బ్యాక్టీరియాకీ ఏంటండీ సంబంధం?"

"పేగుల సంగతి మీకు తెల్వది. చెప్పుండ్రి."

సైన్సు కదా అని ఫిలిప్ దాచుకోకుండా చెప్పేవాడు. చర్చిలో కీబోర్డు వాయిస్తానని చెప్పాడు. గురక పెడతానని కూడా ఒప్పుకున్నాడు. ఆఫీసులో పక్క సీటు రాకేష్ అతనికి 'బాయిలర్' అని పేరు పెట్టాడు. అదీ భరించాడు.

వానాకాలం కూడా పోయాక, ఓ రోజు తెనాలి నుంచి అమ్మ పెళ్లి సంబంధం ఉందని ఫోన్ చేసింది. జాస్మిన్ అని, నర్సు. బంగారం లాంటి పిల్ల. పాస్టరు గారితో మాట్లాడేయనా?

ఓ వారం ఆగమన్నాడు ఫిలిప్. పొట్టలో ఇంత రభస పెట్టుకుని ఓ ఆడపిల్ల గొంతు కోయడమా? తర్వాతి సోమవారం సిగ్గు విడిచి స్టెల్లానే అడిగేశాడు.

"మేడమ్, నేను పెళ్లి చేసుకోవచ్చా?"

ఆమె చేతిలో పెన్ను జారి కింద పడింది.

"ఎవర్ని?"

"ఎవర్నైనానండీ."

స్టెల్లా గబుక్కున మైక్రోస్కోపులో తల దూర్చేసింది.

"జర ఆగుండ్రి" అంది తల ఎత్తకుండానే. "ఇప్పుడే వద్దు."

ఆ సాయంత్రమే సంబంధం వద్దని అమ్మకి చెప్పేశాడు. "పొట్టలో పురుగులకి పెళ్లి మానుకుంటావుట్రా, మాత్ర మింగి చావు!" అని ఆవిడ ఫోన్ పెట్టేసింది. జాస్మిన్‌కి వేరే చోట కుదిరిపోయింది. ఫిలిప్ లోలోపల ఉడికిపోయాడు. ఇదే ఆఖరి డబ్బా, అటో ఇటో తేల్చుకుంటానని ల్యాబ్‌కి దిగాడు.

స్టెల్లా సెలవులో ఉంది. ఆమె సహాయకురాలు ఆమని ఒక్కతే ఉంది. ఫిలిప్ డబ్బాని బల్లమీద ఠపీమని పెట్టాడు.

"నా పెళ్లి సంబంధం కూడా చెడిందండీ! ఆ ముక్క ఇంకా దూకుతోందో లేదో ఇవాళ చెప్పకపోతే ఇక్కణ్నుంచి కదల్ను."

ఆమని డబ్బా వంక చూసింది. అతని వంక చూసింది. వస్తున్న నవ్వుని చున్నీతో ఆపుకుంది.

"ఆ పరీక్షలు ఎండాకాలంలోనే అయిపోయాయి సార్, అప్పట్నుంచి మీ డబ్బాలు మూత కూడా తీయకుండా పారేస్తున్నాం, కానీ ఇక రావద్దని మీతో చెప్పడానికి మా మేడమ్‌కే నోరు రావట్లేదు."