ఉస్తా బయూమి ఎంచిన మంచం

ఉస్తా బయూమి పరుపు వైపు చూడనైనా లేదు. కొట్టులోకి రాగానే ఆసుపత్రి మంచం కాళ్ల దగ్గర గొంతుక్కూర్చుని, తలవైపు లేపే హ్యాండిల్ పట్టుకుని తిప్పాడు.

"బిగువుగా ఉంది," అన్నాడు. "పైగా మరీ కిందికి పెట్టారు. మీ అమ్మ వంగలేదు."

పడుకునే మనిషి హ్యాండిల్ తిప్పదు కదా నాన్నా అని నజ్లాకి నోటిదాకా వచ్చింది. మింగేసింది. మాత్రల వల్ల మధ్యమధ్య మాట తడబడుతుందని డాక్టర్ ముందే చెప్పాడు.

డాక్టర్ ఇంకా చాలా చెప్పాడు. గది బయట, నజ్లాకీ ఆమె తమ్ముడికీ మాత్రమే. ఆ జబ్బు పేరు వాళ్ల ఊరు దుమ్యాత్‌లో ఎవరూ పైకి అనరు, రోగి ముందు అసలే అనరు. నాన్నకి కడుపులో పుండు అని చెప్పారు. నెల తిరిగేసరికి ఆయన లేవలేడని, ఇంట్లో ఇలాంటి మంచం ఉండాలని తేలాక, అమ్మకి మోకాలి ఆపరేషన్ అని మరో అబద్ధం చెప్పారు. అప్పటినుంచీ అమ్మ ఇన్సాఫ్ ఆయన ముందు కుంటుతూ తిరుగుతోంది. ఒకరోజు కుడికాలు, ఒకరోజు ఎడమకాలు. ఆయన చూస్తూనే ఉన్నాడు.

నజ్లా ఒక్కతే వచ్చి కొనేద్దామనుకుంది. "నేను చూడకుండా నా ఇంట్లోకి మంచం వస్తుందా?" అన్నాడు. నలభై ఏళ్లపాటు ఊళ్లో సగం మంది పెళ్లికూతుళ్లకి మంచాలు చేసిన వడ్రంగి. అందుకే ఊరంతా ఉస్తా, అంటే మేస్త్రీ, అని పిలుస్తుంది. ఆయన్ని కాదనడానికి ఆమెకి దారి దొరకలేదు. ఒక్క అబద్ధానికి కాపలాగా రోజుకొకటి ఆడాల్సి వస్తోంది. ఏ తలుపు తీసినా దాని వెనక ఇంకో అబద్ధమే ఉంటోంది.

కొట్టు యజమాని మెత్వల్లీకి ఇవేవీ తెలియవు. మోకాలి సంగతే తెలుసు.

"నా పెళ్లిమంచం మీ చేతిదే, ఉస్తా. ఇవాళ ఇనుము కోసం నా దగ్గరికి వచ్చారా?"

"మీ ఆవిడ ఇంకా దానిమీదే పడుకుంటోందా?"

"ఆవిడ దానిమీద. నేను సోఫా మీద."

"అయితే తప్పు మంచానిది కాదు."

మెత్వల్లీ నవ్వి, అమ్మగారు ఎంత పొడుగని అడిగాడు. అమ్మ నాన్న భుజానికి కూడా రాదు. కొనాల్సింది ఆరడుగుల మనిషికి. దారి పొడుగునా సాకులు వెతుక్కుంటూ వచ్చింది, ఒక్కటీ నిలబడలేదు.

"పొడుగుదే ఇవ్వు," అన్నాడు బయూమి. "పొట్టి మంచం నేనెప్పుడూ చేయలేదు. కొనను కూడా."

నజ్లాకి సాకు చెప్పే పని తప్పింది.

తర్వాత ఆయన పక్క కమ్మీల మీద పడ్డాడు. రెండు చేతులతో దించాల్సినవి వద్దన్నాడు. ఇన్సాఫ్ ఎడమచేతిలో బలం లేదు, ఒంటిచేత్తో దిగాలన్నాడు. చక్రాలు ఒక్క మనిషి తోస్తే కదలాలన్నాడు. మంచం నడుమెత్తుకి లేవాలన్నాడు. మోకాలి ఆపరేషన్ అయిన మనిషికి అంత ఎత్తు పనికిరాదని, కాళ్లు నేలకి ఆనాలని మెత్వల్లీ నచ్చజెప్పబోయాడు. బయూమి విననట్టే నజ్లాని పక్కన నిలబెట్టి, మంచం అంచుని ఆమె నడుముతో కొలిచాడు. తల్లీకూతుళ్లది ఒకటే ఎత్తు.

చివరికి ఒకటి నచ్చింది. రెండు కమ్మీలూ లేపి, వాటి సందుల్లోంచి కూతుర్ని చూశాడు.

"పంజరంలా ఉంది."

"పడిపోకుండా, నాన్నా."

"తెలుసు. పడనివ్వదు. లేవనివ్వదు." గడియ వేశాడు, తీశాడు, మళ్లీ వేశాడు. "పనితనం బాగానే ఉంది."

నజ్లా గోడమీది క్యాలెండర్ వైపు తిరిగి నిలబడింది. కళ్లు తుడుచుకున్నా తెలిసిపోతుంది.

ఇక బండి మాట్లాడుకుని బయటపడటమే అనుకుంటుండగా మెత్వల్లీ సొరుగులోంచి ఇత్తడి రేకు తీశాడు. దాని సంగతి ఆమె మరిచేపోయింది. ఇలాంటి మంచాలు ఇంట్లో అవసరం తీరాక మసీదుకి వెళ్తాయి. అక్కడినుంచి ఇంకో రోగి ఇంటికి, ఆ తర్వాత మరో ఇంటికి. ఇచ్చినవాళ్లు తమ ఇంట్లో పోయిన మనిషి పేరు రేకు మీద చెక్కించి తలవైపు బిగిస్తారు. అది చూసినవాళ్లు ఆ పేరున ఫాతిహా, పోయినవాళ్ల కోసం చేసే ప్రార్థన, చదువుతారు.

"ఎవరి పేరు చెక్కమంటారు?"

"తాతయ్య పేరు," అంది నజ్లా, తండ్రి నోరు తెరవకముందే. "సాలిం. మా తాతయ్య సాలిం." తన గొంతు తనకే పెద్దగా వినిపించింది.

బయూమి రేకు అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పేరులో తప్పు పడకూడదు. నేను రాసిస్తాను," అన్నాడు.

చెవి వెనకనుంచి పెన్సిల్ తీశాడు. పని మానేసి ఆరేళ్లయినా అది అక్కడే ఉంటుంది. ఒక చీటీ మీద నెమ్మదిగా రాసి, మడిచి, బల్లమీద పెట్టాడు. మన మెట్ల మలుపులో మంచం ఎలా తిప్పాలో బండివాడికి చెప్పి వస్తానని, గోడ పట్టుకుంటూ బయటికి నడిచాడు.

మెత్వల్లీ చీటీ విప్పి చదివాడు. మళ్లీ చదివాడు. దాన్ని నజ్లా ముందుకి జరిపాడు.

కొలపట్టీతో గీసినట్టు నిటారుగా ఉన్న అక్షరాల్లో "ఉస్తా బయూమి కోసం ఫాతిహా చదవండి" అని ఉంది, కింద తేదీ వేసుకోవడానికి చోటు వదిలి ఉంది.