పల్లవిలో చీమలు

చెట్ల కొమ్మలు చందమామను గీరే అడవిలో ఒక తొండ పాటలు కట్టేది. తల ఊపుతూ తాళం చూసుకుని, మాట కుదిరేదాకా ఈగను కూడా ముట్టేది కాదు. చీమల మీద పాట కట్టాక, పాటలో ఉన్నవాళ్లని తినకూడదని చీమల్ని పూర్తిగా మానేసింది. ఆ పాట పాడుకుంటూ చీమలు ఏనుగంత బెల్లం దిమ్మను కొండెక్కించాయంటే నమ్మండి!

అది విని పులికి కడుపు మండింది. గర్జిస్తే కొండలు నాలుగడుగులు పక్కకి జరిగాయి.

"ఏమే తొండా! పల్లవిలో చీమలేమిటి? తీసేసి నన్ను పెట్టు. లేదంటే మింగేస్తా!"

"మింగండి దొరా. బరువు మోసేది వాళ్లు, పల్లవీ వాళ్లదే. నేను మీ పొట్టలో ఉన్నా పాట వాళ్ల నోట్లోనే ఉంటుంది. కోటి నోళ్లు మరి, ఒక్కొక్కటీ మూయించుకుంటూ రండి."

అప్పటికే చీమల బారు పాడుకుంటూ పులి తోక మీదుగా నడిచిపోతోంది. పులి తోక కదపలేకపోయింది. గొంతు తగ్గించి, "పోనీ, చివరి చరణంలో ఓ మూల?" అని అడిగింది.

తొండ మెడ నిక్కించింది.

"ముందు మీరూ ఓ మూట మొయ్యండి దొరా. అప్పుడు మాట వెతుకుతాను."