డ్రమ్ములో దుప్పటి

షెడ్డు ఓనరు పెడల్ తొక్కాడు. పెద్ద డ్రమ్ము ధన్‌మని మోగింది.

"మోత తగ్గించడానికి ఇందులో దుప్పటి కుక్కి ఉండాలిగా. ఏదమ్మా?"

అడిగింది బ్యాండు గాయనిని. ఇల్లు పోయినప్పటి నుంచి తను ఆస్పత్రిలో నైట్ డ్యూటీకి వెళ్తే, ఏడేళ్ళ చెల్లెలు ఈ ప్రాక్టీసు షెడ్డులో ఆ దుప్పటి మీదే పడుకుంటోంది. ఇప్పుడు మూలనున్న డ్రమ్ము పెట్టెలో నక్కి ఉంది. సుత్తి అని అందరూ పిలిచే డ్రమ్మరు, ఇదేమీ తెలియదేమో, వస్తూనే ఆ పెట్టె మీద కూర్చున్నాడు.

"ఉతికి ఆరేశాం సార్."

"మరి ఇదేంటి?" స్పీకరు వెనక నుంచి దుప్పటి లాగాడు ఓనరు. దాంతోపాటు చిన్న చెప్పు ఒకటి జారిపడింది. "ఇది నీ కాలికి పడుతుందా?"

గాయని వంగి ఆ చెప్పు తీసుకుంది.

"రాత్రిళ్ళు ఎవరో పిల్ల ఉంటోందని వాచ్‌మన్ చెప్పాడు. చూడమ్మా, ఫుట్‌పాత్ పిల్లల మీద మీ బ్యాండు పాట విని నేనూ కళ్ళు తుడుచుకున్నా. పాట వేరు, నా షెడ్డు వేరు. పిల్ల దొరికిందో, అనాథ పిల్లల హోమ్ వాళ్ళకి అప్పగిస్తా. మీరూ సామాను సర్దుకోండి."

పెట్టెలోంచి సన్నగా దగ్గు వినిపించింది.

ఆ క్షణమే గాయని గొంతు చించుకుని గర్జించింది. ఓనరు అదిరిపడి గోడకి అతుక్కుపోయాడు.

"ప్రాక్టీసు సార్. మా హెవీ మెటల్ పాటలు ఇలాగే అరుస్తూ పాడాలి."

"హెవీ మెటలో, హెవీ రోగమో!" గుండె రుద్దుకుంటూ సుత్తి వైపు తిరిగాడు. "నువ్వు లే. ఆ పెట్టె తెరువు."

సుత్తి లేవలేదు.

"తాళంచెవి ఇంట్లో మర్చిపోయాను సార్. రేపు తెచ్చి తెరుస్తా. ఆ చెప్పంటారా, మా అక్క కూతురిది. మొన్న వచ్చి వదిలేసి పోయింది."

ఆ పెట్టెకి అసలు తాళమే లేదు.

ఓనరు ఇద్దరినీ ఎగాదిగా చూశాడు. "రేపు నా కళ్ళముందు తెరవాలి," అనేసి వెళ్ళిపోయాడు.

సుత్తి లేచి మూత ఎత్తాడు. చెమటతో తడిసిన చెల్లెలు అక్కని వాటేసుకుంది.

"నీకు తెలుసా?" అంది గాయని.

"మొదటి రాత్రి నుంచీ."

"మరి చెప్పలేదేం?"

"ఏం చెప్పను? దీన్ని కాస్త గురక తగ్గించమను. పైన ఈ షెడ్డు అటక మీద రోజూ నాకు నిద్ర పట్టట్లేదు."