ప్లేటు మోసిన బరువు

మార్తమ్మ తొడలోంచి తీసిన టైటానియం ప్లేటును డాక్టరుగారు ఆమె భర్త లాజరు చేతిలో పెట్టారు. అది రెండు ముక్కలై ఉంది.

“గుమ్మం దగ్గర జారిపడిందంటండి,” అన్నాడు లాజరు నీరసంగా.

“ఒక్కసారి పడితే వంగుతుందయ్యా. ఇది రోజూ బరువుకి కొద్దిగా వంగుతూ, మళ్లీ తిన్నగా అవుతూ, అలిసిపోయి విరిగింది. మూడు నెలలు కాలు మోపొద్దన్నానుగా?”

“మంచం మీదే ఉంటుందండి. నేనే రావులపాలెంలో అరటిగెలలు మోసి, ఒళ్లు హూనమై ఇంటికొస్తాను. వచ్చేసరికి స్నానానికి వేడినీళ్లు సిద్ధంగా...”

లాజరు చేతిలోని రెండు ముక్కల వంక చూశాడు.

బోరింగు వీధి చివర ఉంది. ఈ మూడు నెలల్లో ఒక్కనాడూ అతను బిందె ముట్టుకోలేదు.