వేలికి లొంగని తెర

"కదలవేం?" అంటూ పెద్దక్క తెర మీది ఉత్తరాన్ని వేలితో పైకి తోసింది. కదల్లేదు. ఇంకాస్త గట్టిగా తోసింది. ఈసారి లాప్‌టాప్ మూతే వెనక్కి వాలిపోయింది.

ఎనిమిదేళ్ళు టాబ్లెట్‌కి అలవాటు పడ్డ వేలు అది. తోస్తే పోయేది, లాగితే వచ్చేది, రెండు వేళ్ళతో విప్పితే ఆవగింజంత అక్షరం అరచేయంత అయ్యేది. మొన్న ఆ టాబ్లెట్ కన్నుమూసింది. "పెద్ద తెర, కళ్ళకి హాయి" అని మొగుడు నిన్న ఈ లాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. హాయి సంగతి దేవుడెరుగు, పొద్దుట్నుంచి ఒక్క వాక్యం తెమలలేదు.

ఫోన్ మోగింది. పత్రిక నుంచి సబ్ ఎడిటర్.

"మేడమ్, పన్నెండున్నరైంది. పేజీ ఆపి కూర్చున్నాం. మీ జవాబొక్కటే రావాలి, ఒంటిగంట దాటితే కుదరదు."

"వస్తోందయ్యా. దీనికి కాళ్ళు లేవు, నేనే మోసుకుంటూ వస్తున్నా."

"మీరు పంపగానే ఆ ఉత్తరం రాసినాయనకి కూడా వెళ్ళిపోతుంది. పాపం, ఆయన మూడుసార్లు అడిగాడు, పెద్దక్క ఏమన్నారని."

పాఠకుల కష్టాలకి 'పెద్దక్క' పేరుతో జవాబులిచ్చేది ఎవరో పత్రికలో ఇద్దరికి తప్ప ఎవరికీ తెలీదు. ఉత్తరాలు రాసేదెవరో పెద్దక్కకీ తెలీదు, పేర్లు తీసేసే పంపుతారు. ముందుగదిలో గడియారాలు బాగుచేసే మొగుడికి కూడా ఆవిడ ఈ సంగతి చెప్పలేదు. ఆయనకి తెలిస్తే కొట్టుకి వచ్చిన ప్రతివాడికీ తెలిసినట్టే.

ఆవిడ ఉత్తరం మళ్ళీ చదివింది.

"పెద్దక్కా, మాది ఇరవై రెండేళ్ళ కాపురం. మా ఆవిడ నా దగ్గర ఏదో దాస్తోంది. తనలో తనే నవ్వుకుంటుంది. నేను దగ్గరికెళితే మాట మారుస్తుంది. మనసులో ఇంకెవరో ఉన్నారేమోనని భయం. అడిగితే నిజం చెప్పేస్తుందేమోనని ఇంకా భయం. విడిగా ఉందామని ఒక గది కూడా చూసుకున్నాను. ఏం చెయ్యమంటారు?"

"నోరిచ్చాడు కదయ్యా దేవుడు, అడిగి చావొచ్చుగా!" అని విసుక్కుని పెద్దక్క టైపు చెయ్యడం మొదలుపెట్టింది.

'కాపురం' అని కొడితే 'కపురం' అని పడింది. దీర్ఘం కోసం ఇంకో బటన్ నొక్కితే 'కాఆపురం' అయింది. దాన్ని చెరపబోతే పక్క మాట కూడా చెరిగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టి నాలుగు మాటలు పూర్తిచేసేసరికి అరచెయ్యి బటన్ల కిందున్న నున్నటి పలకకి తగిలింది. అంతే, మిణుకుమనే గీత ఎక్కడికో గెంతి 'తమ్ముడూ' అన్న మాట నడుమ దూరింది. 'తమ్ముఅడగండిడూ' అని తెర మీద వెలిసింది.

"నీ అసాధ్యం కూలా! ఎవడు కనిపెట్టాడే నిన్ను?"

"ఎవర్ని తిడుతున్నావ్?" అంటూ మొగుడు లోపలికొచ్చాడు.

ఆవిడ టక్కున మూత మూసేసింది. "ఇంకెవర్ని? మీరు తెచ్చిన ఈ మహాతల్లిని."

"మూస్తావెందుకు? చూపించు, చెప్తాను."

"అక్కర్లేదు. ఏదో అల్లికల నమూనా. మీరెళ్ళి మీ గడియారాలు చూసుకోండి."

"ఏళ్ళ తరబడి నమూనాలు చూస్తూనే ఉన్నావు. ఇంట్లో ఒక్క మఫ్లరు కనపడదేం?"

"అల్లడానికి కుదురుండద్దూ? క్షణం కూర్చోనిస్తేగా!"

ఆయన మూసిన మూత వైపొకసారి చూసి ముందుగదికి వెళ్ళిపోయాడు.

మూత ఎత్తితే చీకటి. టాబ్లెట్ అయితే బోర్లా తిప్పి పెడితే చాలు, మళ్ళీ తిప్పగానే ఎక్కడిది అక్కడ ఉండేది. ఇది గుర్రుపెట్టి నిద్రపోయింది. లేపితే పాస్‌వర్డ్ అడిగింది. కొట్టింది. తప్పంది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ తప్పంది. ఎడంపక్క పెద్దక్షరాల బటన్ మీద చిన్న దీపమొకటి వెలుగుతోందని మూడోసారికి కనిపెట్టింది. ఆ బటన్ ఆర్పేసి కొడితే అప్పుడు తలుపు తీసింది. ఒంటిగంటకి ఇంకా తొమ్మిది నిమిషాలే ఉన్నాయి.

పెద్దక్క రెండు చేతులూ గాల్లో పెట్టి, ఒకే ఒక్క వేలితో, గింజలేరుకునే కోడిలా ఒక్కో అక్షరం పొడిచింది.

"తమ్ముడూ, ఆవిడ దాచేదీ మీరు భయపడేదీ ఒకటే అని ఎవరు చెప్పారు? గదులు వెతకడం ఆపి ఇంటికి పదండి. ఆవిడ ఏ పనిలో ఉన్నా సరే, రేపటికి వాయిదా వెయ్యకుండా ఇప్పుడే ఎదురుగా నిలబడి అడగండి. అడక్కుండా ఇరవై రెండేళ్ళని పారేసుకోకండి."

ఇక పంపడమే. అలవాటుకొద్దీ తెర మీద వేలు పెట్టి పొడిచింది. ఉలుకూ పలుకూ లేదు. నాలుక కరుచుకుని కింది పలక మీద వేలు రుద్దింది. బాణం గుర్తు తరిమిన ఈగలా తెరంతా తిరిగి, తిరిగి, చివరికెలాగో 'పంపు' అన్న చోట వాలింది. ఆవిడ ఊపిరి బిగబట్టి నొక్కింది.

వెళ్ళింది.

"హమ్మయ్య!" అని పెద్దక్క కుర్చీలో వెనక్కి వాలింది.

ముందుగదిలో మొగుడి ఫోన్ టింగుమంది. తర్వాత స్టూలు జరిగింది. ఆయన కంటికి తగిలించుకున్న భూతద్దమైనా తియ్యకుండా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో ఫోన్ ఇంకా వెలుగుతోంది.

"నిన్నొకటి అడగాలి."

"ఇప్పుడే కాస్త నడుం వాల్చానండీ. తర్వాత అడుగుదురుగాని."

"లేదు. నువ్వే పనిలో ఉన్నా సరే, ఇప్పుడే అడగమంది పెద్దక్క."