పాపను పంపు

“పాపను పంపు!”

ఇబ్రహీంపట్నం బస్టాండులో, పక్కన నిలబడ్డ కొత్త మనిషి నోట ఆ మాట వినబడగానే బుగ్గమ్మ మనవరాలు మరియను గట్టిగా వాటేసుకుంది.

“ఎక్కడికి పంపాలె? నీతోని ఎందుకు పంపాలె?”

మరియ అప్పటికే ఆయాసంతో రొప్పుతోంది. తల్లి స్టెల్లా నీళ్ళ సీసా తేవడానికి పోయింది.

ఆ మనిషి పిల్ల మెడలోని గవ్వల దండను చూశాడు.

“సముద్రం దగ్గరికి... తీసుకెళ్ళారా... అండీ?”

బుగ్గమ్మ పిల్లను వెనక్కి లాక్కుంది. సూర్యలంక తీరం నుంచి వస్తున్నట్టు వీడికెలా తెలిసింది? పైగా ‘అండీ’ ఒకటి! అంత మర్యాద ఉన్నవాణ్ణి మర్యాదకైనా నమ్మకూడదు.

“అవ్, పోయినం. ఉప్పుగాలికి దగ్గు పోతదన్నరు. నీకెందుకు?”

“కొందరికి... మంచిదే. కొందరికి ఆ చెమ్మ... గదుల్లో బూజు... పడవు.”

“పడవనా? మేము ఏ పడవా ఎక్కలే!”

మాట మాటకూ ఆగుతున్నాడు. అబద్ధం అల్లుకునేవాడే అలా దారం తెగినట్టు ఆగుతాడని ఆమె లెక్క.

అతని చెయ్యి జేబులోకి పోయింది.

“ఓ ఎల్లేశా! ఉరికిరా! పిల్లలనెత్తుకపోయేటోడు!”

జామకాయల బండి వదిలేసి ఎల్లేశ్ వచ్చాడు. వస్తూనే అతని కాలర్ పట్టాడు. వెనకే జనం.

“జేబుల ఏందిరా? మత్తుమందా?”

“మందే... మత్తు... కాదు...”

నీలిరంగు డబ్బీ ఒకటి తీసి పిల్ల వైపు చాచాడు. ఎల్లేశ్ ఆ చేతి మీద ఒక్కటేశాడు. డబ్బీ ఎగిరి కింద పడింది.

“పోలీసులకు ఫోన్ కొట్టున్రి” అన్నారెవరో.

“గా పంచాయితీ మనకెందుకే! రేయ్, మల్ల గిక్కడ కనవడ్డవంటే బొక్కలిరుగుతయ్!” అన్నాడు ఎల్లేశ్.

కదులుతున్న హైదరాబాద్ బస్సులోకి అతణ్ణి తోసేశారు. ఊరికి పట్టిన పీడ టికెట్ లేకుండానే పోయిందని నవ్వుకున్నారు.

అప్పుడొచ్చింది స్టెల్లా. నీలిపడ్డ బిడ్డ పెదవులు చూసింది. కింద డబ్బీని చూసింది. తీసి, తుడిచి, ఊపి, మరియ నోట్లో పెట్టి నొక్కింది. మళ్ళీ నొక్కింది.

మెల్లగా పిల్లకు ఊపిరి అందింది.

“మన పంపు ఏది అత్తమ్మా?”

బుగ్గమ్మ తల వంచుకుంది. “సముద్రం గాలి తాకినంక గదెందుకని... ఆడనే పారేసిన బిడ్డా.”

“మరి గిది ఎవరిచ్చిన్రు?”

“గా దొంగోడు. పాపను పంపు, పాపను పంపు అన్నడు.”

స్టెల్లా చుట్టూ ఉన్నవాళ్ళందరికీ డబ్బీ ఎత్తి చూపించింది.

“పాపను కాదు, పాపకు! పాపకు పంపు అన్నడు. నోట్ల కొట్టుకునే గీ పంపు!”

ఎల్లేశ్ గొణిగాడు. “గదే సక్కగ చెప్పొచ్చు గద అక్కా! మాట మాటకు ఎందుకాగుడు?”

స్టెల్లా రోడ్డు వైపు చూసింది. బస్సు కనిపించలేదు.

“ఊపిరాడక ఆగిండన్నా... గిది ఆయన పంపు.”