పెద్దది చేసే మిషన్

“ఇంత పెద్దదా! దీన్ని ఇంట్లోకి తెస్తే మనిద్దరం వరండాలో పడుకోవాల్సిందే,” అన్నాడు ప్రూఫ్ రీడర్.

“పడుకుందాం. గాలి బాగా వస్తుంది,” అంది భార్య. లెక్కల టీచరుగా చేసి రిటైరైన మనిషి. జవాబు కోసం తడుముకునే అలవాటు ఆవిడకు లేదు.

షాపులో బల్ల మీద రెండు ప్రింటర్లు పక్కపక్కనే ఉన్నాయి. చిన్నది ప్రింటు తీస్తుంది, స్కాన్ చేస్తుంది, ఉన్నదున్నట్టు జెరాక్స్ ఇస్తుంది. పెద్దది ఆ పనులన్నీ చేసి, పైగా పేజీని రెండింతలు చేసి పెద్ద కాగితం మీద దించుతుంది.

పాఠ్యపుస్తకాలు అచ్చుకి వెళ్లే ముందు వాటిలో తప్పులు దిద్దడం ఆయన పని. ఇన్నాళ్లూ పబ్లిషరు కాగితాల కట్ట ఇంటికి పంపేవాడు. వచ్చే నెల నుంచి అన్నీ మెయిల్లోనే. ఇంట్లో ప్రింటు తీసుకుని, ఎర్ర పెన్నుతో దిద్ది, స్కాన్ చేసి తిరిగి పంపాలి. ఆ మాత్రం దానికి చిన్నది చాలదూ? మరి ఈవిడ ఆ పెద్దదాన్నే పట్టుకుని వేలాడుతుందెందుకు?

ఆ ‘ఎందుకు’ దగ్గరే ఆయన గుండెల్లో రాయి పడింది.

ఏడాదిగా కళ్లు మోసం చేస్తున్నాయి. అద్దాలు మార్చాడు, లైటు మార్చాడు, కుర్చీని కిటికీ దగ్గరికి లాక్కున్నాడు. అయినా మూడు ఎనిమిదిలా కనిపిస్తోంది. అంకెల మధ్య ఉన్నది దశాంశ బిందువో, కాగితం మీద మచ్చో తేల్చుకోలేకపోతున్నాడు. ఇంతకంటే బాగుపడవని కళ్ల డాక్టరు తేల్చి చెప్పేశాడు. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. చెబితే ఆవిడ ఆ రోజే పెన్ను లాగేసుకుంటుంది. పెన్ను పోతే పొద్దున లేచి ఏం చెయ్యాలో ఆయనకు తెలీదు, పాపం. నిజంగానే తెలీదు.

“నమూనా చూడండి సార్,” అంటూ షాపతను రెండు కాగితాలు చేతికిచ్చాడు. “ఆ అడుగు లైను చూడండి, ఎంత సన్నటి అక్షరమో! అయినా ఎక్కడా అలుక్కుపోలేదు.”

ఆయనకు కనిపించింది చీమల బారు. అయితేనేం, అచ్చు కాగితాల మధ్య తల నెరిసిన వాడు కదా, ఆ అనుభవం ఆదుకుంది. పైకాగితాన్ని బొటనవేలితో రుద్ది, వాసన చూసి, “సిరా అంటడం లేదు. చిన్నదే బాగుంది,” అన్నాడు.

“మీరు రుద్దింది పెద్దదాని నమూనా సార్.”

“అదేనయ్యా, చిన్నదీ ఇలాగే ఉంటుంది కదా అంటున్నా!”

భార్య ఆయన వైపు ఒకసారి చూసింది. పెద్ద ప్రింటరు మూత ఎత్తి అద్దం మీద చెయ్యి పెట్టి చూసింది.

“బాబూ, ఇందులో ఎర్ర పెన్నుతో రాసినవి కూడా పెద్దగా పడతాయా?”

“ఎర్రగానే, పెద్దగానే పడతాయి మేడమ్.”

తెలిసిపోయింది, అయిపోయింది నా పని అనుకున్నాడాయన. భయం వేస్తే ఆయనకు కోపం వస్తుంది.

“నీకెందుకే అవన్నీ? దిద్దేది నేను. నా కళ్లకేం వచ్చింది రోగం?”

“మీ కళ్ల మాట నేనెత్తానా?”

ఇంతలో ఆయన ఫోను మోగింది. పబ్లిషరు! పక్కకు వెళ్లి, గోడ వైపు తిరిగి, గుండె చిక్కబట్టుకుని విన్నాడు. తిరిగొచ్చేసరికి మొహం వెలిగిపోతోంది.

“ఏమంటాడు?”

“మొన్నటి పుస్తకంలో ఒక్కటంటే ఒక్క తప్పు రాలేదట. వచ్చే ఏటి లెక్కల పుస్తకాలన్నీ నాకేనట!”

ఆ పుస్తకంలో సగం బిందువులు ఆయన అంచనా మీదే దిద్దాడు. తన మూలంగా ఏ పిల్లలు తప్పుడు లెక్క నేర్చుకుంటారోనని నెలరోజులుగా అన్నం సహించడం లేదు. ఇప్పుడు అర్థమైంది. కళ్లు మసకబారితే మాత్రమేం, చేతికి పని తెలుసు! ఇన్నేళ్ల సాధన ఊరికే పోతుందా? ఆయన ఒళ్లంతా తేలికైపోయింది. అనవసరంగా భార్య మీద అరిచినందుకు సిగ్గు కూడా వేసింది, కానీ గెలిచిన హుషారులో అది ఎంతోసేపు నిలవలేదు.

“విన్నావుగా! ఇక పెద్దక్షరాల మిషన్ నాకెందుకు చెప్పు? చిన్నది ప్యాక్ చెయ్యవయ్యా.”

షాపతను చిన్నదాని మీద చెయ్యి వేశాడు. ఆవిడ ఆగమన్నట్టు సైగ చేసింది. ఆయన దగ్గరికి జరిగి, చొక్కా కాలరు సర్దుతున్నట్టు నటిస్తూ, షాపతనికి వినపడకుండా మెల్లగా అంది.

“పెద్దది మీకు కాదండీ, నాకు. మీరు మధ్యాహ్నం కునుకు తీసినప్పుడల్లా ఆ కాగితాలన్నీ మళ్లీ దిద్దుతున్నది నేనే... ఈమధ్య నాక్కూడా కళ్లు ఆనడం లేదు.”